ఇంజన్ రూమ్‌లో ఆరిన చీర

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో, మనిషి గట్టిగా పట్టుబడితే కాని పనంటూ ఉండదని నమ్మేదాన్ని. వాన విషయంలో కూడా ఆ నమ్మకం సడలనిచ్చేదాన్ని కాదు. ఇంట్లో అందరూ మొండిఘటం అనేవారు, నేను దాన్ని బిరుదుగానే స్వీకరించాను. (ఇప్పుడు మా ఆయన అదే మాటంటే మాత్రం రెండు పూటలు మాట్లాడను.) ఆ బిరుదుకి అసలైన పరీక్ష విశాఖపట్నంలో జరగలేదు. సముద్రం దాటి వెళ్ళాక, అండమాన్‌లో, నడి వానాకాలంలో జరిగింది.

మా అక్కని పోర్ట్ బ్లెయిర్ సంబంధానికి ఇచ్చారు. బావ వాళ్ళ తాతల కాలంలోనే శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. ఇల్లు ఆ ఊళ్ళోనే, డిగ్నాబాద్‌లో. బావ దీవుల మధ్య తిరిగే ఓడలో, ఇంజన్ దగ్గర పని చేసేవాడు. కాన్పుకి అక్క పుట్టింటికి రావలసింది, డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. పోనీ అమ్మ వెళ్దామనుకుంటే, మెట్ల మీద జారిపడి కాలికి కట్టు కట్టించుకుంది. ఈలోగా పాప పుట్టింది. బారసాలకి పుట్టింటి తరఫున వెళ్ళగలిగింది నేనొక్కదాన్నే. బయల్దేరేటప్పుడు అమ్మ తను కట్టి కట్టి మెత్తబడిన నేత చీర ఒకటి నా చేతిలో పెట్టింది. మా ఇళ్ళలో పిల్లని మొదటిసారి ఉయ్యాలలో వేసేది అమ్మమ్మ పాత చీర మీదే. "నేను రాలేను కదా, నా బదులు ఇది వెళ్తుంది. జాగ్రత్త," అంది. అక్క కూడా ఫోన్‌లో అదొక్కటే అడిగింది, ఇంకేమీ తేకపోయినా ఫరవాలేదంది.

విమానం దిగేసరికి వాన. ఆటో ఎక్కేసరికి వాన. ఇంటికి వెళ్ళేసరికి నా బ్యాగు అడుగున చెమ్మ చేరింది. చీర అంచు ఒక్కటే కాస్త తడిసింది. కానీ ప్రయాణం చేసి వచ్చిన బట్ట పసిపిల్ల ఒంటికి తగలకూడదని నా పట్టుదల. మా విశాఖలో దాబా మీద ఆరేస్తే కాఫీ తాగి వచ్చేలోగా ఫెళఫెళలాడుతుంది, ఇక్కడ మాత్రం ఎందుకారదు అనుకున్నాను. నేను బకెట్ అందుకోవడం చూసి అక్క అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. "ఉతక్కమ్మా. ఈ బారిష్‌లో బట్ట తడిపినోల్లే గానీ ఆరబెట్టినోల్లు నేరు," అన్నారు. పెద్దావిడ చాదస్తమనుకుని, గులాబీల వాసన వచ్చే సబ్బుపొడి మరో గుప్పెడు ఎక్కువే వేసి, రెండుసార్లు ఉతికాను.

అక్క నిద్ర లేచి వచ్చి, వరండాలో నీళ్ళోడుతున్న చీరని చూసింది. కోప్పడలేదు. దాని కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని అక్కడే కుర్చీలో కూలబడింది. "అమ్మ వాసన ఉంటుంది కదాని తెమ్మన్నానే," అంది. అప్పుడుగానీ నా బుర్రకి ఎక్కలేదు. కాన్పు సమయంలో అమ్మ పక్కన లేని అక్కకి మిగిలిన ఆ కాస్తా నేను సబ్బు పెట్టి వదిలించేశాను. వాసన ఎలాగూ తేలేను, కనీసం చీరైనా ఆరబెట్టి పాపని దాని మీదే పడుకోబెడతానని అక్కకి మాటిచ్చాను.

ఇక మొదలైంది యుద్ధం. ఫ్యాను కింద వేస్తే కరెంటు పోయింది. కరెంటు వచ్చాక ఇస్త్రీ చేస్తే, గడప దాటి వానగాలి తగలగానే మళ్ళీ మెత్తబడింది. ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుందని అక్కడ దూర్చాను. ఆఖరికి నా ఒంటి వేడికైనా ఆరుతుందని పొట్ట చుట్టూ చుట్టుకుని ఇల్లంతా పచార్లు చేశాను. (చీర ఆరలేదు, నాకు జలుబు చేసింది.) బారసాల ముందు రోజు పొద్దుటికి గులాబీల వాసన పోయి, తడిసిన గోనెసంచి వాసన మొదలైంది. అప్పుడు డ్యూటీకి బయల్దేరుతున్న బావ చెయ్యి చాపాడు. "టెన్షన్ వద్దమ్మా. ఓడలోవోల్లం అందరం బట్టలు ఇంజన్ రూమ్‌లోనే ఆరేసుకుంటాం. హేవ్‌లాక్ ఎల్లొచ్చేలోపు పాపడ్‌లాగ అయిపోద్ది," అన్నాడు. సాయంత్రానికి తిరిగొచ్చే ఓడే కదా అని ఇచ్చేశాను.

సాయంత్రానికి ఓడ రాలేదు, ఫోన్ వచ్చింది. సముద్రం బాగా లేదు, ఓడని హేవ్‌లాక్‌లోనే ఆపేశారు, రేపు ఎప్పుడు వదుల్తారో తెలియదట. బియ్యంలో పేరు రాయవలసిన తండ్రీ, ఉయ్యాలలో పరచవలసిన చీరా కట్టకట్టుకుని అవతలి దీవిలో చిక్కుకున్నారు. పేరు పాప పెదనాన్న చేత రాయిద్దామని ఒకరు, చీరదేముంది, నా చీర ఇస్తానని పక్కింటావిడ. అక్క ఖాళీ ఉయ్యాలని సర్దిందే సర్దుతోంది, అదే నాకు కష్టంగా ఉంది. మర్నాడు పొద్దున్నే గొడుగు తీసుకుని జెట్టీకి వెళ్ళి నిలబడ్డాను. గేటు దగ్గరి మనిషి జాలిపడి, "దీదీ, ఈ మౌసమ్‌లో జహాజ్‌కి భరోసా లేదు, ఇంటికి పొండి," అన్నాడు. నేను నిలబడితే ఓడ రాక చస్తుందా అన్నట్టు అక్కడే నిలబడ్డాను. గొడుగు ఒక పక్కకి వంగింది, నేనింకో పక్కకి వంగాను. చాలాసేపటికి వాన తెరలోంచి ఓడ ముక్కు కనబడితే, అది నా పట్టుదలకే కదిలి వచ్చిందనుకున్నాను.

బావ చొక్కా లోపల ప్లాస్టిక్ కవరు దాచుకుని, నిండుచూలాలిలా పొట్ట పట్టుకుని దిగాడు. ఉన్న ఒక్క గొడుగూ ఆ కవరుకి పట్టి, మేమిద్దరం నిలువునా తడుస్తూ ఆటో దాకా పరిగెత్తాం. ముహూర్తం దాటకుండానే ఇల్లు చేరాం. బావ తడి వేళ్ళకి బియ్యం అంటుకుంటుంటే ఉంగరంతో ఎలాగో పేరు రాశాడు. నేను గర్వంగా కవరు విప్పి, ఫెళఫెళలాడే చీరని ఉయ్యాలలో పరిచాను. గుప్పుమని డీజిల్ వాసన. వచ్చిన పేరంటాళ్ళందరూ ఒకేసారి కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పొద్దుట్నుంచీ ఏడుస్తున్న పాపని అక్క అత్తగారు తీసుకుని, ఎవరి మాటా వినకుండా ఆ చీర మీదే పడుకోబెట్టారు. పాప ఒకసారి ముక్కు ముడిచి, కళ్ళు మూసుకుని నిద్రపోయింది. "ఆళ్ళ నాన్న డ్యూటీ దిగొచ్చి ఎత్తుకుంటే వొచ్చీ వాసన ఇదే కదేటి. దానికి తెలీదా," అన్నారావిడ. అక్క వంగి కొంగు వాసన చూసింది. నేను వచ్చాక మొదటిసారి పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే అమ్మకి ఫోన్ చేసి, నీ చీర ఓడెక్కి వచ్చిందని చెప్పింది.

ఆ పాప ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే దిక్కులు చూస్తుంది. మొన్న మళ్ళీ వానల్లోనే వెళ్ళాను. బీరువాలోంచి ఆ చీర తీసి చూపించింది. మడతల్లో చిన్న మరక కనబడగానే నా చెయ్యి దానంతటదే బకెట్ కోసం వెతికింది. "పిన్నీ, వద్దు. బాహర్ బారిష్ హై," అని అది చీర గుండెలకి హత్తుకుంది. వానతో కూడా పోట్లాడి గెలుద్దామనుకున్న ఆనాటి పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటూ, బకెట్ వదిలేసి దాని పక్కన కూర్చున్నాను. చీర అడిగి తీసుకుని వాసన చూశాను. అమ్మ వాసన లేదు, డీజిల్ వాసన కూడా ఎప్పుడో పోయింది. ఇప్పుడు దానికి అక్క వాసన వస్తోంది.