దెయ్యాన్ని నిలదీసిన ప్రూఫు మేష్టారు

ప్రూఫు మేష్టారు ఎవరినీ నమ్మరు. ఆయనకున్న గుణమైనా, జబ్బైనా అదొక్కటే. గడియారాన్ని నమ్మలేక చేతికి రెండు వాచీలు పెట్టుకునేవారు. ఆ రెండింటి మీదా అనుమానం వస్తే ఎదురింటాయన్ని టైమడిగి, ఆయన వాచీకేసి అదోలా చూసేవారు. ప్రెస్సులో ఎవరైనా "బాగున్నారా మేష్టారూ?" అంటే, "ఎందుకడుగుతున్నావు? నా గురించి ఎవరైనా ఏమైనా అన్నారా?" అని కుర్చీలోంచి లేచేవారు.

పుస్తకం అచ్చుకెళ్ళే ముందు ప్రూఫుల్లో తప్పులు దిద్దడం ఆయన పని. అక్షరాల దగ్గర ఆగితే ఆయన మేష్టారెందుకవుతారు? కథలో మనుషుల్ని కూడా బోనెక్కించేవారు. "రెండో పేజీలో ఈవిడ గొడుగు తెచ్చింది. తొమ్మిదో పేజీలో తడిసింది. గొడుగెవరు తీశారు?" అని మార్జిన్లో ఎర్ర సిరాతో నిలదీసేవారు. రచయితలు లబోదిబోమనేవారు. ప్రెస్సు యజమాని మాత్రం, "ఆయన చూసిన పుస్తకంలో తప్పు పట్టేవాడు ఇంకా పుట్టలేదు" అని వెనకేసుకొచ్చేవాడు.

ఆ యజమాని మేనకోడలికి పదిహేడేళ్ళు. తను రాసిన దెయ్యం నవలని మామయ్య అచ్చేస్తానన్నప్పటి నుంచి కాలు నేలమీద ఆనడం లేదు. కథేమిటంటే, పాడుబడ్డ మేడలో ఉండే కుర్రాణ్ణి ఒక అమ్మాయి ప్రేమిస్తుంది. వాడు చచ్చి చాలా కాలమైంది. అయినా ఒక ఆదివారం పొద్దున ఆరున్నర బస్సుకి, ఎవరికీ చెప్పకుండా, వాడి వెంట వెళ్ళిపోతుంది. ఇంతకన్నా గొప్ప ప్రేమ లోకంలో లేదని రచయిత్రి నమ్మకం.

అందులో మేడ కల్పితం, దెయ్యం కల్పితం. బస్సు మాత్రం నిజం. ఆమె క్లాసులోని ఒక కుర్రాడు, పరీక్షలయ్యాక ఏదో ఒక ఆదివారం ఆ బస్సుకే వచ్చెయ్యమన్నాడు. చివరికి రోజు కూడా ఖాయం చేశాడు. ఇంకో రెండు రోజులే ఉంది.

సరిగ్గా అప్పుడు, మేష్టారి దగ్గర నెల్లాళ్ళు నానిన ప్రూఫులు తిరిగొచ్చాయి. ఎక్కడ చూసినా ఎరుపే.

"తనెక్కడుందో ఈ పిల్ల చెప్పనే లేదు. వాడికెలా తెలిసింది?"

"స్నేహితురాలితో మాట్లాడొద్దన్నాడు. ఆవిడతో దెయ్యానికేం పగ?"

"నలభయ్యో పేజీలో ఏడ్చి క్షమించమన్నాడు. యాభయ్యెనిమిదిలోనూ అదే ఏడుపు. అచ్చుతప్పా, అలవాటా?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కాగితాలు పట్టుకుని తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది.

"అతను దెయ్యం, మేష్టారూ! దెయ్యాలకి అన్నీ తెలుస్తాయి!"

"అన్నీ తెలిసినవాడు ఫోను లాక్కుని, ఎవరు మెసేజ్ పెట్టారో చూడ్డమెందుకమ్మా? గోడల్లోంచి నడిచొచ్చేవాడికి పాస్‌వర్డ్ కావలసొచ్చిందా? అసలు వీడు దెయ్యమేనా అని నా అనుమానం."

పాస్‌వర్డ్ సంగతి ఆమె కల్పించి రాసింది కాదు.

"మామయ్యకి చెప్పారా?" అంది చివరికి, బెదురుగా.

"మీ మామయ్యని నేనెప్పుడు నమ్మాను? చెప్పాల్సింది నేను కాదు. ఆఖరి పేజీ చూశావా?"

చూసింది. 'ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది' అన్న వాక్యం పక్కన, "మంచి పనైతే చెప్పే వెళ్ళేదిగా?" అని ఉంది.

ఈ ముసలాయనకి ప్రేమంటే ఏం తెలుసని తిట్టుకుంటూ ఇల్లు చేరింది. కానీ ఆ ప్రశ్న ఆమెని అన్నం తిననివ్వలేదు. శనివారం సాయంత్రం అమ్మకి అంతా చెప్పేసింది. అమ్మ తిట్టింది, ఏడ్చింది, కౌగలించుకుంది. ఆదివారం పొద్దున్నే కూతురితో పాటు తనూ చెప్పులేసుకుంది.

బస్టాండులో ఆమె, "నేను రావడం లేదు" అని వాడి మొహానే చెప్పింది. వాడు ముందు ఏడ్చాడు. తర్వాత, "నీకెవరు నూరిపోశారు? ఫోనివ్వు!" అని చెయ్యి చాచాడు.

"ముందు నీ ఫోనివ్వు నాయనా, నేనూ చూస్తాను" అంటూ స్తంభం చాటు నుంచి అమ్మ ముందుకొచ్చింది. వాడు కదులుతున్న బస్సు పట్టుకుని ఎక్కేశాడు.

అంతలో టైంటేబుల్ బోర్డు దగ్గర కేకలు వినబడ్డాయి. రెండు వాచీలూ చూపిస్తూ ప్రూఫు మేష్టారు విచారణ గుమాస్తాతో పోట్లాడుతున్నారు.

"మీరిక్కడేంటి మేష్టారూ?"

"బోర్డులో తప్పులున్నాయని అనుమానం వస్తే..."

"అబద్ధమమ్మా!" అన్నాడు గుమాస్తా, ప్రాణం విసిగి. "నెల్లాళ్ళ నుంచి ప్రతి ఆదివారం ఐదింటికే దిగబడుతున్నాడు. ఆరున్నర బస్సులో పదిహేడేళ్ళ పిల్ల ఎక్కుతుందేమో చూడాలంటాడు. నన్ను కూడా నమ్మడు!"

ఆమె ఆయనకేసి చూసింది. మేష్టారు గతుక్కుమన్నారు. దొరికిపోయినవాళ్ళకి కోపమే దిక్కు కదా, వెంటనే ఆమె మీద విరుచుకుపడ్డారు.

"తప్పు నీదే! ఆదివారం అని రాసి ఊరుకున్నావు. ఏ ఆదివారమో రాయొద్దూ? తేదీ వెయ్యకపోతే చదివినవాడు ఎన్ని వారాలు తిరగాలమ్మా?"