గాలి తగిలే వైపు

ఉదయగిరి కొండ చూపిస్తానని మా గోపికి మాటిచ్చి ఏడాదయింది. వాడికి ఆరేళ్లు. బడిపంతులికి సెలవూ, ఇంట్లో జ్వరాల్లేని రోజూ ఒకేసారి కుదిరితే కదా! చివరికి మాఘమాసంలో ఒక శనివారం కుదిరింది. తీరా ఆత్మకూరు బస్టాండుకి చేరేసరికి ఏడున్నర, బస్సు ఏడింటికే పోయింది. తరవాతిది రెండింటికి. ఇడ్లీలు తిని బయటికొస్తే మస్తాన్ అనే డ్రైవరు పాత బాడుగ కారు పక్కన నిలబడి "ఉదయగిరి, ఉదయగిరి" అని కేకేస్తున్నాడు. మనిషికి రూపాయిన్నర, ఒళ్లో పిల్లలకు ఏమీ లేదు.

గోపి పరుగెత్తి వెనక సీటులో తలుపు పక్కన కూర్చున్నాడు. మస్తాన్ నన్ను పక్కకు పిలిచాడు.

"అయ్యోరూ, ఆ తలుపు ఒక్కోసారి తనంతట తనే తెరుచుకుంటా ఉండాది. బిడ్డను ఆడ కూర్చోబెట్టబాకండి."

వాణ్ణి మధ్యకు జరిపి అక్కడ నేను కూర్చున్నాను. అవతల ఒక పొగాకు వ్యాపారి, ముందు ఇద్దరు మేకల బేరగాళ్లు. ఎనిమిదింటికి బయలుదేరాం. రోడ్డంతా గతుకులే. గతుకు గతుక్కీ తలుపు గడగడలాడుతుంటే నా ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి.

తొమ్మిదిన్నరకు మర్రిపాడులో ఆగాం. రేడియేటరుకు నీళ్లు తేవడానికి మస్తాన్ బావికి వెళ్లాడు. అప్పుడు వచ్చింది రవణమ్మ, నాలుగేళ్ల కూతురు పెంచలిని చంకనేసుకుని. వాళ్లది సీతారామపురం. ఉదయగిరి దాకా చోటిమ్మంది.

"పాపకు కారు పడదయ్యా, కక్కుతాది," అంది మొహమాటపడుతూ.

నేను చేసిన పని దాచకుండా రాస్తున్నాను. లోపలికి జరిగి, "ఇటు కూర్చో అమ్మా, గాలి తగులుతుంది" అన్నాను.

"నీ బిడ్డ చల్లగుండాల," అంది ఆవిడ.

తలుపు సంగతి చెప్పలేదు. చెబితే ఆ చోట మళ్లీ నేనే కూర్చోవాలి. మస్తాన్ వచ్చి నీళ్లు పోసి, వెనక సీటు వైపు చూడకుండానే బండి తీశాడు.

పదిన్నర దాటాక ఒక మలుపు తిరిగాం. "నాయనా, అదిగో కొండ!" అని గోపి అరిచాడు. అందరం అటు చూశాం. తల్లి ఒళ్లో ఉన్న పెంచలి కూడా చూద్దామని తలుపు మీదికి వాలింది. తలుపు తెరుచుకుంది. "ఆపు, ఆపు!" అని అరుస్తూ రవణమ్మ జబ్బ పట్టుకున్నాను. పిల్ల అప్పటికే కింద పడింది. నుదురు చీరుకుపోయింది, కుడిచెయ్యి విరిగింది.

మస్తాన్ దిగి పిల్లను ఎత్తుకున్నాడు. ఒకసారి నా మొహంలోకి చూశాడు.

"నాదే తప్పమ్మా," అన్నాడు. "తలుపు బాగుచేయించినాక బండి తియ్యాల్సింది."

రవణమ్మ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్లన్నీ నావని తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. 

ఉదయగిరి ఆస్పత్రిలో చేతికి కట్టు కట్టారు. సాయంత్రం గోపితో కొండ ఎక్కాను. కోట గోడలు చూశాను, ఎలా ఉన్నాయో ఇప్పుడు రాయమంటే రాయలేను. ఆ రాత్రి సత్రంలో పడుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం నిజం చెప్పేద్దామనే బత్తాయిలు కొనుక్కుని ఆస్పత్రికి వెళ్లాను. నోరు తెరిచేలోపే రవణమ్మ పక్క మంచం ఆవిడకు చెబుతోంది.

"ఈ అయ్యే. ఈ అయ్య అరిచినాడు కాబట్టి కారు ఆగింది. లేకపోతే నా బిడ్డ చక్రం కింద పడేది. పెంచలీ, దణ్ణం పెట్టమ్మా."

ఆ పిల్ల ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తి దణ్ణం పెట్టింది. నేను ఆ దణ్ణం తీసుకున్నాను. పళ్లు మంచం మీద పెట్టి బయటికొచ్చేశాను.

రెండున్నర బస్సులో తిరుగు ప్రయాణం. పిల్లలతో ఆ దారిన కారులో వెళ్లేవాళ్లు ఎక్కేముందు తలుపు లాగి చూసుకోండి. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టుకోండి. మీ పిల్లల్నే కాదు, ఎవరి పిల్లలైనా సరే.

మర్రిపాడు దాటాక గోపి అడిగాడు: "నాయనా, ఆ పాపను మన దగ్గర కూర్చోబెట్టుకోలేదేం?"

"చోటు లేదురా," అన్నాను.

ముందురోజు మర్రిపాడు నుంచి ఉదయగిరి దాకా నా ఒడి ఖాళీగానే ఉంది.