నీళ్ల మోకు

మొన్న బోయినపల్లి దగ్గరి జలాశయంలో పడవ పందేలంటే, మనవరాలు తెడ్డు వేస్తుంటే చూద్దామని జగిత్యాల నుంచి మా బిడ్డతో నేనూ వెళ్లాను. తీరా పడవలు ఒడ్డు విడిచే వేళకు ఒక పిల్ల లైఫ్ జాకెట్ బకిల్ సరిగా పడలేదని పందెం ఆపేశారు. "గింతదానికి గింత లొల్లా" అని మా బిడ్డ కూడా సణిగింది. నాకు మాత్రం కడుపు మండింది, ఆపినందుకు కాదు, ఇన్నేళ్లకు ఆపినందుకు.

ఎల్లంతకుంట పక్కన మా ఊళ్లో చెరువు నిండి నీళ్లు మత్తడి మీంచి దుంకిన ఏడాది తెప్పల పందెం పెట్టేవారు. ఈత నేర్చుకునే పిల్లలు మునగకుండా నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టుకునేవారు, నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మీసం వచ్చినవాడు కట్టుకుంటే మాత్రం ఊరంతా నవ్వేది. మీసాలొచ్చిన మా అన్న పందేనికి దిగిన ఏడాది అమ్మ ఆ నవ్వును లెక్కచేయలేదు. పొయ్యి పొగకు ఎండిన బుర్రను అన్న నడుముకు తనే కట్టి, "మీ నాయిన మోకు లేకుంట తాడెక్కుతడా కొడుకా? నీళ్లకు గిదే మోకు" అంది. మా నాన్న కల్లు గీసేవాడు, మోకు అనే పగ్గం నడుముకు చుట్టుకునే తాటిచెట్టు ఎక్కేవాడు.

పందెం జరిపించే పెద్దమనిషి మాకు వరసకు పెదనాన్న. ఆయన చూసి, "బుర్ర గట్టుకున్నోనికి పందెం లేదు. ఇప్పుతవా, ఒడ్డెక్కుతవా?" అన్నాడు. జనం నవ్వారు. అన్న బుర్ర విప్పి అమ్మ చేతిలో పెట్టి తెప్పెక్కాడు. నడి చెరువులో రెండు తెప్పలు ఒరుసుకుని అన్నది తిరగబడింది, ఎవరిదో తెడ్డు తలకు తగిలింది, ఈత బాగా వచ్చినవాడు మళ్లీ పైకి తేలలేదు. అమ్మ ఆ బుర్ర పట్టుకునే కట్ట మీద నిలబడి ఉంది. గంగమ్మ కోరుకుంది, తీసుకుపోయిందన్నాడు పెదనాన్న. బుర్ర విప్పమన్నది గంగమ్మ కాదు గదా అని అమ్మ ఒక్కతే అంది, ఎవరూ వినిపించుకోలేదు.

మళ్లీ చెరువు నిండిన ఏడు ఆయనే కట్ట మీద నిలబడి, "బుర్ర లేనోనికి పందెం లేదు" అన్నాడు. అదే గొంతు, అదే దర్జా. అన్న పేరు ఎత్తలేదు.

ఇప్పుడు బుర్ర పోయి జాకెట్ వచ్చింది, పెద్దమనిషి పోయి ఈల వేసే రెఫరీ వచ్చాడు, పిల్లలకు భద్రంగా ఉంది, కాదనను. ఏ ఇంటి పిల్లవాడు పోతే ఈ రూలు వచ్చిందో అడిగేవారే లేరు. కాసేపటికి రెఫరీ వంగి ఆ పిల్ల బకిల్‌ను తన చేతులతోనే నొక్కాడు. అది టక్కుమని పడింది. ఆ చప్పుడు వినడానికి అమ్మ లేదు.