గొంతులోకి దిగిన వెల్లుల్లి

మా వంటింట్లో పోపుల డబ్బా కన్నా మందుల డబ్బా పెద్దది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, కరక్కాయ, నేలవేము, అన్నీ బేగం బజార్ నుంచి నేనే ఏరి తెచ్చుకునేదాన్ని. ఆబిడ్స్‌కీ నాంపల్లి స్టేషన్‌కీ మధ్య ఒక గల్లీలో పై వాటా మాది. కింది వాటాల్లో ఎవరికి దగ్గొచ్చినా, కడుపు ఉబ్బినా మెట్లెక్కి నా దగ్గరకే వచ్చేవాళ్లు. మా ఇంట్లో ఎవరూ దవాఖాన గడప తొక్కి ఏళ్లయిందని వాళ్లందరికీ చెప్పుకునేదాన్ని. అది అబద్ధం కాదు.

నా మందులో మహిమ ఏమిటో ఇప్పుడు చెబుతాను. జ్వరమంటే నేలవేము కషాయం. గ్లాసు నిండా పోసి, ఎదురుగా నిలబడి, ఆఖరి చుక్క దాకా తాగించేదాన్ని. మొహం చిట్లిస్తే ఇంకో సగం గ్లాసు. తర్వాత నాలిక మీదికి చిన్న బెల్లం ముక్క అడిగితే, "పెండ్లికొచ్చినవా, మిఠాయి వెట్టనీకి?" అనేదాన్ని. ఆ పైన లంఖణం. గంటకోసారి పోయి "తగ్గిందా?" అని అడిగేదాన్ని. మా ఆయన నాంపల్లి కోర్టులో క్లర్కు. ఒళ్లు కాలిపోతున్నా "తగ్గిందే" అని టిఫిను డబ్బా పట్టుకుని ఆఫీసుకు పోయేవాడు. మా ఇంట్లో జబ్బులు నా మందుకు తగ్గేవి కావు, నా మొహానికి తగ్గేవి. ఆ సంగతి ఒక మనిషి చెవి పోయాక గానీ నాకు తెలియలేదు.

ఆ మనిషి మా ఆడబిడ్డ, మా ఆయన చెల్లెలు. పెళ్లయిన ఐదేళ్లకు భర్త పోతే మా దగ్గరకు వచ్చేసింది. పిల్లల్లేరు. ఆబిడ్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డలు అమ్మే కౌంటర్ ఆమెది. చీర అంచు చూసి, తాన్ల గుట్టలోంచి సరిగ్గా ఆ రంగే లాగేది. చీర తెచ్చిన ఆడవాళ్లు ఆమె కోసమే వేచి ఉండేవాళ్లు. మా ఇంట్లో ఆమెది అనుకునే మూల ఒక్కటీ లేదు. ఆ కౌంటర్ వెనక మాత్రం ఆమె తలెత్తుకుని నిలబడేది. అది నాకు నచ్చేది కాదు. నా ఉప్పు తిని బయట రాణిలా ఉండటమేమిటని కడుపు మండేది. ఈ మాట ఎప్పుడూ బయటకు అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున, ఉతకాల్సిన దుప్పట్లు కుప్ప పోసి ఉన్నాయి. ఆమె చెవి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"వదినా, ఎడమ చెవుల పోటు వెడుతుంది. జర దవాఖానకు పోయొస్త."

"చెవి నొప్పికి దవాఖాన ఏంది? నలుగురు వింటే నవ్వుతరు. ఆదివారమొస్తే చాలు, ఈ ఇంట్ల పని తప్పించుకోనీకి ఏదో ఒక నొప్పి లేస్తది. పండుకో గీడ."

ఇనుప గంటెలో నువ్వుల నూనె పోసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు వాము వేసి, రెబ్బలు నల్లబడేదాకా కాచాను. చల్లారనివ్వాలని తెలుసు. గోరువెచ్చగా ఉండాలని కింది వాటా వాళ్లకు నేనే చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం గోరువెచ్చన అయ్యేదాకా ఆగలేదు. ఆమె తల నా ఒళ్లో అదిమి పెట్టి, చెవి తమ్మె పట్టి లాగి పోశాను. కాళ్లు కొట్టుకుంది.

"కదిల్తే మల్ల పోస్త" అన్నాను. కదలడం ఆపేసింది.

కాసేపయ్యాక "తగ్గిందా?" అని అడిగాను. "తగ్గింది వదినా" అని లేచి దుప్పట్లు ఉతికింది. నాటకమేనని నాకు రూఢి అయింది. నిజం నొప్పయితే గంటలో దుప్పట్లు ఉతుకుతుందా?

మళ్లీ వారం, ఆ పై వారం కూడా నొప్పి అంది. నేనూ వదల్లేదు. నాలుగోసారి పోసినప్పుడు ఉలిక్కిపడి లేచి కూర్చుంది, గొంతు పట్టుకుని.

"వదినా, గొంతులకు ఎల్లిగడ్డ రుచి వస్తుంది."

"చూసినవా, మందు ఎంత లోతుకు దిగిందో! గిట్ల దిగాలె మందంటే" అన్నాను.

ఎంత మురిసిపోయానో. చెవిలో పోసిన మందు గొంతులో రుచి తెలిసిందంటే నా చేతి గుణం అనుకున్నాను. గల్లీ అంతా చెప్పాను. బేగం బజార్‌లో వాము తూచే ముసలాయనకూ చెప్పాను. ఆయన తక్కెడ దించేశాడు.

"గొంతుల రుచి తగులుడు మంచిది కాదమ్మా. చెవుల ఏం పొయ్యకు ఇగ. జర దవాఖానల చూపెట్టు."

"వాము అమ్ముకునేటోనివి వాము తూచియ్యి. వైద్యం నాకు చెప్పకు" అన్నాను. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వారు, నాకు బాగుండింది.

ఆ తర్వాత ఆమె నొప్పి అనడం మానేసింది. అడిగితే తగ్గిందనేది. నా మందు గెలిచిందనుకున్నాను. ఒకరోజు ఆమె తలగడ గలీబు మీద పసుపు మరకలు, ముక్కు మూసుకునేంత వాసన. "నూనె కారంగ పండుకుంటవా? సోయి లేదా?" అని ఆ గలీబు తీసి ఆమె మొహాన కొట్టాను. అది నూనె కాదని చూస్తే తెలిసిపోయేది. నేను చూడలేదు. ఆ మర్నాటి నుంచి తన గలీబు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టింది. చెవిలో దూది పెట్టుకుని, దాని మీదికి జుట్టు దువ్వి పిన్ను పెట్టుకునేది. మా ఆయనకు అన్నీ కనబడుతూనే ఉన్నాయి. పేపరు చదువుకునేవాడు.

నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ పెట్టే రోజుల్లో, ఊరంతా చలికి ముడుచుకున్నప్పుడు, ఒక సాయంత్రం జాకెట్టు గుడ్డ కోసం ఆమె షాపుకు వెళ్లాను. కిటకిటలాడుతోంది. కౌంటర్ పక్కన, ఆమెకు ఎడమ వైపు నిలబడి పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. కుడి పక్క ఆవిడకు గుడ్డ కొలుస్తోంది తప్ప నా వైపు తిరగలేదు. మూడోసారి గట్టిగా అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు, ఆమె తప్ప. కౌంటర్ లోపలికి చెయ్యి చాపి ఆమె భుజం పట్టి గుంజాను.

"ఏందే, కొమ్ములొచ్చినయా? నేను పిలిస్తె వినరాదా నీకు?"

ఆమె మొహం పాలిపోయింది. షాపు ఓనరు గల్లా దగ్గర నుంచి వచ్చాడు. "నెల సంది గిట్లనే ఉంది మేడం. గిరాకీలు పిలుస్తనే ఉంటరు, ఈమె పలకదు. నాకు సమజైతలేదు."

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. "ఇంట్ల గూడ గింతే. తిండికి పిలిస్తె తప్ప దేనికీ పలకదు. పొగరు" అన్నాను. అంతమంది ముందు.

మర్నాడు ఆమెను కౌంటర్ మీంచి తీసేసి, వెనక గోడౌన్‌లో తాన్లు మడతపెట్టే పనిలో వేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయన ముందు నిలబడి, "అన్నా, నాకు ఎడమ చెవి వినొస్తలేదు" అంది. నా వైపు చూడలేదు.

దవాఖానకు ముగ్గురం పోయాం. డాక్టరమ్మ చిన్నపిల్ల. దీపం పెట్టి చెవిలోకి చాలాసేపు చూసి, "నూనె పోసిన్రా ఇందుల?" అని అడిగింది.

"పోసినం" అంది ఆడబిడ్డ.

"గొంతులకు రుచి వచ్చిందా ఎప్పుడన్న?"

"వచ్చింది. వానాకాలంల."

"అంటే అప్పటికే చెవి లోపలి పర్దాకు చిల్లు పడింది. ఆ రోజే వస్తే చెవి నిలబడుతుండె. ఆ చిల్లులకెల్లి నూనె పోయి, లోపలంతా చీము పట్టి ఎముక దాకా పోయింది. ఆపరేషన్ చేసి చీము ఆపుతం. వినికిడి మాత్రం మల్ల రాదు. ఎవరు పోసిన్రు?"

నేను కొంగు సర్దుకోవడంలో పడ్డాను.

"నేనే పోసుకున్న డాక్టరమ్మా" అంది ఆడబిడ్డ.

డాక్టరమ్మ ఆమెను తిట్టింది. చదువుకున్నట్టే ఉన్నవు, బుద్ధి లేదా, కాగిన నూనె చెవుల ఎవరన్న పోసుకుంటరా అని. నాకు పడాల్సిన తిట్లన్నీ ఆమె తలొంచుకుని పడింది. నేను పక్క కుర్చీలో కూర్చుని విన్నాను. సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. కానీ నాకు ముందు కలిగింది హాయి. పేరు బయటపడలేదు కదా అన్న హాయి. సిగ్గు ఆటోలో వచ్చింది, మా ఆయన రోడ్డు వైపు చూస్తూ "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనే" అన్నప్పుడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను అన్నది ఆ ఒక్క మాటే.

ఆపరేషన్ అయింది. చీము ఆగింది. వినికిడి రాలేదు, కౌంటరూ రాలేదు. ఇప్పటికీ గోడౌన్‌లోనే తాన్లు మడతపెడుతోంది. ఇంట్లో పని అంతా చేస్తుంది, అడిగినదానికి జవాబిస్తుంది. అప్పుడు దవాఖానలో నన్నెందుకు కాపాడావని అడగడానికి నాకు నోరు రాలేదు. జాలితో కాదని మాత్రం తెలుసు.

నెలల తరబడి ఒక్క మాట కూడగట్టుకున్నాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం, మా ఆయన ఊళ్లో లేడు, ఇద్దరమే అన్నానికి కూర్చున్నాం. బాగా వినబడాలని ఆమెకు కుడి పక్కన కూర్చున్నాను. అన్నం కలుపుతూ, "నీ చెవి నేనే పోగొట్టిన. నీ నౌకరీ గూడ నేనే తీసిన. తప్పు నాదే" అని మొదలుపెట్టాను.

ఆమె చెయ్యి ఆగింది. కంచం తీసుకుని లేచింది. నా అవతలి పక్కకు వచ్చి, ఎడమ చెవి నా వైపు ఉండేట్టు సర్దుకుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు వదినా" అంది.