మిగిలిన నీళ్లు

వరి పొలంలో నీళ్లు నిలిచి ఉండాలి. ఈ సంగతి మా అత్తమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు, కాదన్నవాళ్లను ఆమె ఊరికే వదిలిపెట్టేదీ కాదు. అలాంటి మనిషి ఎదుట నిలబడి, "అమ్మా, సగం పొలంల నీళ్లు ఆరనియ్యి" అని అడిగిన సారు ధైర్యాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

ఎనభైల నడుమ సంగతి ఇది. వరుసగా వానలు మొహం చాటేసిన కాలం. నేను వరంగల్ కాశిబుగ్గలో పుట్టి పెరిగినదాన్ని. మగ్గాల చప్పుడు తెలుసు గానీ బురద తెలియదు. పెళ్లయి పరకాల అవతలి పల్లెకు వచ్చాకే బియ్యం బస్తాలో పుట్టవని నాకు అర్థమైంది. మామయ్య అప్పటికే లేడు. మా ఆయన పరకాలలో మిల్లు పనికి పోయేవాడు, ఆ జీతం ఉప్పుకూ పప్పుకూ సరిపోయేది. ఏడాది పొడుగునా తినే అన్నం మాత్రం మా బావి కింది ఆ కాస్త పొలం నుంచే రావాలి. ఆ యాసంగిలో, అదే ఎండాకాలం పంటకు, నాట్లు పడేసరికే బావి అడుగు కనిపించేట్టుంది. గింజ గట్టిపడేదాకా నీళ్లు ఆగుతాయా లేదా అన్నదే ఇంట్లో ఒకే ఒక్క ఫికర్. ఆదివారం చర్చిలో కూడా అత్తమ్మ కళ్లు మూసుకుని బావినే తలుచుకునేదని నా అనుమానం.

ఆ సారు వరంగల్‌లో వరి మీద పరిశోధన చేసేవాడు. హనుమకొండలో దుకాణం ఉన్న ఇంటి మనిషి. నీడపట్టున గల్లా దగ్గర కూర్చోకుండా బురదలో పడి తిరుగుతాడేమిటని ఇంట్లోవాళ్లు నెత్తి కొట్టుకునేవారట. పరకాల దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి మా పల్లెకు ఎండలో నడిచి వచ్చేవాడు. ఆయన చెప్పింది చాలా సులువైన మాట. వరికి దినమంతా నీళ్లలో నిలబడాల్సిన పని లేదు. పెట్టిన తడి ఇంకిపోయి, మట్టి మీద సన్నటి నెర్రెలు కనిపించాక మళ్లీ తడి పెడితే చాలు. పైరు పొట్టకు వచ్చి వెన్ను కట్టేటప్పుడు మాత్రం నీళ్లు తప్పకూడదు.

"పంట పోతె మాకు అన్నం నువ్వు పెడ్తవా సారూ?" అంది అత్తమ్మ.

"బావి ఎండితె ఎట్లయినా పోతది గదమ్మా. సగమే అడుగుతున్న. ఇంకో సగం నీ ఇష్టం."

అత్తమ్మ బావి ఒడ్డు దాకా పోయి లోపలికి చాలాసేపు చూసి వచ్చింది. "సగమే" అంది.

ఇక ఊరికి మేమే తమాషా అయ్యాం. ఆరిన సగంలో గడ్డి లేచింది, కలుపు తీయలేక నా నడుము విరిగింది. సారును మనసులో బాగానే తిట్టుకున్నాను. ఆయనేమో నీళ్లు నిలిచిన సగంలో దిగి, నీళ్లు నింపిన సీసాను తలకిందులుగా ముంచి పట్టుకునేవాడు. కాలు కదిపితే బురదలోంచి బుడగలు లేచి సీసాలోకి పోయేవి. "సారు గాలి పడుతాండు" అని దారిన పోయేవాళ్లు ఆగి మరీ నవ్వేవారు. ఆరిన సగంలో బుడగలు రావడం లేదని ఆయన మాకు చూపించాడు. నిలవ నీటి కింద మట్టి కుళ్లి ఆ గాలి పుడుతుందట, అది పైకి పోయి వేడిని పట్టి ఉంచుతుందట.

"మా మడిల గాలికి ఆకాశం ఉడుకుతదా?" అని అత్తమ్మ నవ్వాపుకోలేకపోయింది. సారు కూడా నవ్వాడు. కానీ సీసా వదల్లేదు. ఈ రోజుల్లో అదే మాట రేడియోలో, టీవీలో వింటుంటే నాకు ఆ మోకాళ్ల దాకా బురదే గుర్తొస్తుంది.

మా ఊళ్లో ఒక అలవాటు ఉండేది. ఎవరి మడైనా నెర్రెలు బాస్తే, పక్కవాడు తన మోటరు నడిచేటప్పుడు అడగకుండానే నీళ్లు పారే మడవ తిప్పి తడి పెడతాడు. పెట్టినవాడు చెప్పడు, పెట్టించుకున్నవాళ్లు ఆ మాట ఎత్తరు. పక్క పొలం ఆయన మా అత్తమ్మకు వరసకు మరిది, నాకు చిన్నమామ. మా సగం మడి ఎండుతుంటే మోటరు కాలిపోయిందనీ, వదిన సిగ్గుపడి చెప్పడం లేదనీ అనుకున్నాడు పాపం. ఒక పొద్దున తన బావి నీళ్లతో మా ఆరబెట్టిన మడిని నిండా నింపేశాడు.

అదే రోజు సారు వచ్చాడు. మడి చూసి ఒడ్డు మీద కూలబడ్డాడు. రెండు సగాలను పోల్చి చూడాలన్న ఆయన పనంతా పాడైపోయిందని నాకు కూడా అర్థమైంది. కాసేపటికి లేచి నేరుగా చిన్నమామ ఇంటికి పోయాడు. గొడవ అవుతుందని నేను వెనకాలే పరుగెత్తాను. సారు చేతులు జోడించి, "మంచి పనే చేసినవు. ఇగ మాత్రం చేయకు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ మనిషి అంటే నాకు గౌరవం.

తిరిగి వచ్చాక అత్తమ్మతో మాత్రం మనసు విప్పాడు. "ఆఫీసుల అడుగుతరమ్మా, మిగిలిన నీళ్లేవి, చూపించు అని. నేనేం చూపియ్యాలె?"

పొట్ట దశకు చిన్నమామ బావి ఎండింది. మాకు పోసిన నీళ్లు కూడా ఆ బావివే మరి. ఆయన భార్య మడి ఒడ్డున కూర్చుని ఏడుస్తుంటే చూడలేకపోయాం. సగం మడిని ఆరబెట్టినందుకు మా బావిలో మాత్రం నీళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. అత్తమ్మ మోటరు వేసి, మా మడి తడిశాక, మడవ అటు తిప్పింది.

నాకు ఒళ్లు మండింది. "మన వరి ఇంకా పొట్ట మీదనే ఉంది అత్తమ్మా, రేపు బావి ఎండితె ఏం తింటం?" అన్నాను.

"ఎండితె ఇద్దరం ఎండుదాం" అంది ఆమె, పార మట్టి దులుపుకుంటూ.

ఎండలేదు. రోజూ భయపడుతూనే ఉన్నాం, బావి మాత్రం గింజ గట్టిపడేదాకా ఆగింది. మా రెండు సగాలూ ఒక్కతీరుగా పండాయి. ఆరబెట్టిన సగం తక్కువేమీ కాలేదు. చిన్నమామ పొలం కూడా పండింది.

కోతలయ్యాక సారు వచ్చాడు. మా వడ్లు చూసి సంతోషించాడు గానీ మొహంలో దిగులు పోలేదు. "పంట ఉన్నది. కానీ బావి అడుగంటింది గదమ్మా. నీళ్లు మిగిలినయంటె ఎవరు నమ్ముతరు?"

అత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుని చిన్నమామ కల్లానికి తీసుకుపోయింది. వడ్ల కుప్పలో దోసిలి ముంచి, ఆయన దోసిట్లో పోసింది.

"మిగిలిన నీళ్లు చూపించుమన్నరు గద సారూ. ఇగో, చూపించు."