సూర చేపలో లేని గాలం

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, వానలు పూర్తిగా తగ్గిన ఒక జనవరి నెలలో, నన్ను ఫెరార్‌గంజ్ వైపు రోడ్డు పక్కనున్న చేపల ఎగుమతి ఫ్యాక్టరీకి ఆటోమేషన్ ఇన్‌చార్జిగా వేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. నా కింద ఉన్నది మాత్రం ఇద్దరు టెక్నీషియన్లు, ఒక కంప్యూటరు, నెలకోసారి అలిగే ఒక జనరేటరు. డెలానీపూర్‌లోని ఇంటి నుంచి రోజూ కంపెనీ జీపులో వెళ్ళి వచ్చేవాణ్ణి. మా తాత సిక్కోలు తీరం నుంచి వల భుజాన వేసుకుని ఈ దీవులకు వచ్చిన మనిషి. మనవడు చేపల పెట్టెలకు బార్‌కోడ్ అంటించే పని చేస్తున్నాడని తెలిస్తే నవ్వుకునేవాడు.

ఫ్యాక్టరీలో తయారయ్యేది ఒకటే సరుకు, గడ్డకట్టించిన టూనా. మావాళ్ళు దాన్ని సూర అంటారు. బోట్ల నుంచి మంచులో వచ్చిన చేపను పొడుగు ముక్కలుగా కోసి, గాలి తీసిన సంచుల్లో పెట్టి, అట్టపెట్టెల్లో సర్ది ఫ్రీజర్ గదికి పంపుతారు. అక్కడ ముక్క నడిమధ్యలో కూడా మైనస్ పద్దెనిమిది డిగ్రీలకు చేరాలి. బయటికి వచ్చిన పెట్టెలు బెల్టు మీద మెటల్ డిటెక్టర్ గుండా వెళతాయి. టూనాను గాలంతో పడతారు కాబట్టి, విరిగిన గాలం ముక్క ఏదైనా లోపల మిగిలితే ఈ యంత్రం పట్టుకుంటుంది. పట్టుకున్న పెట్టెను ఒక ఇనుప చేయి పక్కకు తోసేస్తుంది, తెర మీద ఎర్ర అక్షరాలు పడతాయి. ఆ పెట్టె ఏ బోటు చేపో బార్‌కోడ్ చూస్తే తెలిసిపోతుంది.

ఈ వరసనంతా కంప్యూటరుకు కలపడమే నా పని. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పరీక్షలు చేసి, ఫ్రీజర్‌లో పెట్టె ఎంతసేపు ఉండాలో లెక్కగట్టి, ఆ సమయాన్ని ప్రోగ్రాములో పెట్టాను. ఆపరేటరు బొత్తాం నొక్కితే చాలు, మిగతాదంతా దానంతట అదే జరిగిపోతుంది. అంతకు ముందు ఒక్కో విడతలో ఒక్కో పెట్టె విప్పి, ముక్కకు డ్రిల్లుతో బెజ్జం వేసి, సూది థర్మామీటరు గుచ్చి చూసేవారు. తెర మీద చలి ఎంతో కనిపిస్తుంటే మంచి చేపకు బెజ్జాలెందుకని ఆ పద్ధతి ఎత్తేయించాను. తెర చూపేది ఫ్రీజర్ గదిలోని గాలి చలిని, చేప నడుమ చలిని కాదు. ఇది నాకు తెలియక కాదు. గాలి అంత చల్లగా ఉంటే చేప ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

డ్రిల్లు పని అప్పటిదాకా చూసింది పోలమ్మ. ప్యాకింగ్ హాలు సూపర్‌వైజరు, నలభై దాటిన మనిషి, గొంతు గట్టిది. హాల్లో అందరికీ దీదీ, నాకు కూడా. డ్రిల్లు తీసుకెళ్ళి స్టోర్లో అప్పగించమంటే, నన్నొక చూపు చూసి అప్పగించింది. ఆవిడ తమ్ముడు దానయ్య బోటు కూడా మాకు చేప వేసేది. ఆ బోటు మీద ఐదు ఇళ్ళు బతుకుతున్నాయి.

ఏప్రిల్‌లో విదేశీ కొనుగోలుదారుకు మొదటి కంటెయినరు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి సీలు వేసి హాడో రేవుకు పంపాలి, మర్నాడు ఉదయం ఓడ. పొద్దున్న ఎనిమిదిన్నరకు చివరి విడత పెట్టెలు ఫ్రీజర్ నుంచి బెల్టు మీదికి వచ్చాయి. ఇనుప చేయి మొదటి పెట్టెను తోసేసింది, రెండోది కూడా. మూడు, నాలుగు వదిలేసి మళ్ళీ ఐదోదాన్ని తోసింది. పావుగంటలో ముప్పై నాలుగు పెట్టెలు పక్కన చేరాయి. తెర మీద ప్రతిసారీ హిందీలో అదే మాట, మెటల్ దొరికిందని.

ముందు యంత్రాన్నే అనుమానించాను. దాన్ని పరీక్షించడానికి మూడు ప్లాస్టిక్ కడ్డీలుంటాయి, ఒక్కోదానిలో ఒక్కో రకం లోహపు చిన్న గుండు పొదిగి ఉంటుంది. మూడూ పంపితే మూడింటినీ సరిగ్గా పట్టుకుంది. ఇక యంత్రంలో తప్పు లేదని తేలిపోయింది. కంప్యూటరులో ఆ ముప్పై నాలుగు పెట్టెల బార్‌కోడ్లు వెతికితే అన్నీ దానయ్య బోటువే. మిగతా బోట్ల పెట్టె ఒక్కటీ ఆగలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు సంతోషం వేసింది. నెలల తరబడి నేను కట్టిన వ్యవస్థ పావుగంటలో దొంగను పట్టిచ్చిందనుకున్నాను. కాగితం ప్రింటు తీసి మేనేజరు బల్ల మీద పెట్టాను.

మేనేజరు మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాడు, మంచివాడే, కానీ ఓడ టైము దగ్గరపడితే మంచితనానికి తీరిక ఉండదు. ముప్పై నాలుగు పెట్టెలు తగ్గితే ఒప్పుకున్న సరుకు పూర్తికాదు, మొదటి కంటెయినరే కొరత పడుతుంది. ఆయన రెండు మాటలు చెప్పాడు. డిటెక్టరు సున్నితత్వాన్ని ఒక మెట్టు తగ్గించి చూడమన్నది మొదటిది. పెట్టెల్లో గాలం ఒక్కటి దొరికినా ఆ బోటు పేరు సరఫరాదారుల జాబితా నుంచి కొట్టేస్తానన్నది రెండోది. మొదటిదానికి నేను ఒప్పుకోలేదు. తినేవాడి గొంతులో గాలం దిగే పని నా చేత్తో జరగదన్నాను. రెండోదానికి మాత్రం తల ఊపాను.

హాల్లోకి వచ్చేసరికి విషయం పోలమ్మకు చేరిపోయింది. ఎదురొచ్చి నిలబడింది.

"సారూ, మా తమ్ముడు గాలం ఒగ్గీసే మడిసి కాదు. గాలం తెగి లోపలుండిపోతే ఆ సూర తోకకి నీలం దారం కట్టి మరీ దింపుతారు. నిన్న దింపినవాటికి ఒక్క దారం నేదు. నా కళ్ళతో సూసాను."

దారం కట్టడం మరిచిపోయి ఉంటారేమో అన్నాను.

"మరిసిపోడానికి అదేటి జేబురుమాలా? ఆ గాలం కోసినోళ్ళ సేతికే గుచ్చుకుంటాది. కోసిన ఆడోళ్ళు మా ఈదోళ్ళే. తెలిసి తెలిసి ఆళ్ళ సెయ్యి కోయిస్తామా?"

"మెషీన్ ఝూట్ నహీ బోల్తా, దీదీ," అన్నాను, యంత్రం అబద్ధం చెప్పదని. ఈ దీవుల్లో గట్టిగా చెప్పాలనుకున్నది హిందీలో చెప్పడం మా అందరికీ అలవాటు.

ఆవిడ వాదించలేదు. అయితే పెట్టెలు విప్పి కోయండి, నా చేత్తో నేనే కోస్తానంది. పేరు కొట్టేసే ముందు గాలం చూడటం న్యాయమే కదా అని నాలుగు పెట్టెలు విప్పించాను. గడ్డకట్టిన చేపను కోయడానికి కరెంటు రంపం ఉంటుంది. మొదటి ముక్కను రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా కోసింది. గాలం లేదు. రెండో పెట్టెలో లేదు, మూడోదాంట్లోనూ లేదు. నాలుగోది కోస్తూ రంపం ఆపింది. మొహం మీద చెమట తుడుచుకుని, ఫిర్యాదు చేసే గొంతుతో అంది.

"గాలం నేదు గానీ సారూ, ఈ రంపం సూడండి. పైన కరకరమంటంది, నడుమకొచ్చేసరికి మెత్తగా దిగిపోతంది. ఇదేటి ఇలాగుంది?"

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది నాకు. వేలు పెట్టి చూశాను. అంచులు రాయిలా ఉన్నాయి, మధ్యలో చేప పచ్చిగానే ఉంది.

పూర్తిగా గడ్డకట్టిన చేప గుండా విద్యుత్తు దాదాపు పోదు. పచ్చి చేపలో ఉప్పునీరు ఉంటుంది, దాని గుండా పోతుంది. విద్యుత్తు పోయే వస్తువు ఏది దాటినా డిటెక్టరులోని అయస్కాంత క్షేత్రం చెదురుతుంది. చెదిరిందని మాత్రమే దానికి తెలుస్తుంది. చెదరగొట్టింది ఇనుమో ఉప్పునీరో దానికి తెలియదు. ఇది నా చదువులో మొదటి ఏడాది పాఠం. స్టోరు నుంచి డ్రిల్లు తెప్పించి, ఇంకో పెట్టెలోని ముక్కకు బెజ్జం వేయించి సూది గుచ్చాను. నడుమ మైనస్ నాలుగు, చేప పూర్తిగా గడ్డకట్టడానికి చాలని చలి.

దానయ్య బోటుకే ఎందుకిలా అయిందో తెలుసుకోవడానికి తూకం రిజిస్టరు చాలు. ఆ విడతలో పెద్ద సూరలు పడింది ఆయనొక్కడికే. ముక్కలు మిగతావాటికి రెండింతల మందం. నేను పరీక్షలు చేసిన రెండు నెలలూ చిన్న చేపలే వచ్చాయి, వాటికి పట్టిన సమయాన్నే అన్ని చేపలకూ ఖాయం చేసి పెట్టాను. ప్రోగ్రాము నేను చెప్పినట్టే చేసింది. దానయ్య చేసిన నేరమల్లా మంచి చేప పట్టడం.

మేనేజరు గదికి రెండోసారి వెళ్ళడం మొదటిసారంత సులువుగా లేదు. తల తీసేసినట్టుంది. తప్పు బోటుది కాదు, నాదని చెప్పాను. ఆయన మొదట అడిగింది సరుకు పనికొస్తుందా అని. పనికొస్తుంది, ఎందుకంటే ఇది కరిగిన చేప కాదు, గడ్డకట్టడం పూర్తికాని చేప. వెంటనే మళ్ళీ ఫ్రీజర్‌లో పెడితే చెడదు. కానీ గంటలు లెక్కపెడితే నాలుగింటికి అందినట్టూ, అందనట్టూ ఉంది. పదిన్నరకు పెట్టెలన్నీ లోపలికి వెళ్ళాయి. కోసిన నాలుగు పెట్టెలకు, బెజ్జం పడ్డ ఇంకోదానికి బదులుగా కోల్డ్ స్టోరేజీలో మిగిలి ఉన్న ఆ కొద్ది పెట్టెలే తీశాం.

ఆ నాలుగు గంటలూ నేను కంప్యూటరు ముందు కూర్చోలేదు. ఫ్రీజర్ తలుపు దగ్గరే నిలబడ్డాను. పోలమ్మ గంటకోసారి డ్రిల్లుతో వచ్చి, ముందే బెజ్జం పడ్డ ఆ పెట్టెలోనే మళ్ళీ బెజ్జం వేసి, సూది గుచ్చి, అంకె పైకి చదివి వెళ్ళింది. మైనస్ తొమ్మిది. మైనస్ పదమూడు. పదహారు. రెండున్నరకు పందొమ్మిది.

పెట్టెలు బెల్టు మీదికి ఎక్కాయి. ఇనుప చేయి కదులుతుందేమోనని హాల్లో అందరం దాని వైపే చూస్తున్నాం. ముప్పై నాలుగూ ఒక్కొక్కటిగా దాటిపోయాయి, చేయి కదల్లేదు. నాకు ఎక్కడైనా కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను కూడా, ఖాళీ పెట్టెల మీద. ఎవరో టీ గ్లాసు చేతిలో పెట్టారు. అంత రుచైన టీ నా సర్వీసులో తాగలేదు. నాలుగింటికి పది నిమిషాల ముందు సీలు పడింది.

ఇలాంటి సంఘటన జరిగితే డీవియేషన్ రిపోర్టు రాయాలి, అంటే పద్ధతి ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది అనే నివేదిక. కారణం అన్న గడిలో సాంకేతిక లోపం అని రాసేస్తే సరిపోతుందని మేనేజరు మంచి మనసుతోనే సలహా ఇచ్చాడు. ఫ్రీజింగ్ సమయం చేప మందానికి సరిపోలేదనీ, ఆ సమయం నిర్ణయించింది ఆటోమేషన్ ఇన్‌చార్జి అనీ రాసి సంతకం చేశాను. దానికి ఒక మెమో వచ్చింది, అంతకంటే ఏమీ కాలేదు. దానయ్య పేరు జాబితాలోనే ఉంది.

మర్నాడు పొద్దున పోలమ్మ దగ్గరికి వెళ్ళి, నిన్న తొందరపడి మాట అన్నానని ఒప్పుకున్నాను. ఆవిడ పెట్టెలు లెక్కపెడుతూనే జవాబిచ్చింది.

"మెషీన్ ఝూట్ ఆడనేదు సారూ. మీరు రాసి పెట్టిందే అది సూపించింది."

అవును, ఆ ఎర్ర అక్షరాలు నేను రాసినవే. యంత్రానికి తెలిసింది ఏదో తేడాగా ఉందని మాత్రమే. దాన్ని మెటల్ అని రాసింది నేను, మెటల్ అనగానే గాలం అనుకున్నది నేను, గాలం నుంచి బోటుకు, బోటు నుంచి మనిషి పేరుకు వెళ్ళిందీ నేనే. ఆ మధ్యాహ్నమే ప్రోగ్రాము తెరిచి ఆ మాట చెరిపేశాను. దాని స్థానంలో 'పెట్టె ఆగింది, విప్పి చూడండి' అని రాశాను. చేప మందాన్ని బట్టి మూడు వేర్వేరు సమయాలు పెట్టాను. విడతకో పెట్టెకు బెజ్జం వేసే పద్ధతిని మళ్ళీ తెచ్చి, డ్రిల్లు ఫ్రీజర్ తలుపు పక్కన మేకుకు తగిలించాను. నేను రిటైరైన రోజు కూడా అది అక్కడే వేలాడుతోంది.