టైప్ చేసింది సుజాత

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు, కాబట్టి మీతో చెబుతున్నాను. కన్నీళ్లు పెద్దగా ఆశించకండి. ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఏం జరిగింది, ఏ వరుసలో జరిగింది, ఎక్కడ చెడింది అని చూడటమే నాకు అలవాటు. అలాగే చెబుతాను. అలా చెప్పడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమేనేమో. కావచ్చు.

మాది గుంటూరు. హైదరాబాదు కంపెనీల్లో కొన్నాళ్లు చేసి, అక్కడి ట్రాఫిక్ పడక వెనక్కి వచ్చేశాను. ఇక్కడి కోల్డ్ స్టోరేజీలకి, పత్తి జిన్నింగ్ మిల్లులకి చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు రాసిచ్చేవాణ్ణి. దాంతోపాటు ఆదివారం మధ్యాహ్నాలు బ్రాడీపేటలో ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద ప్రోగ్రామర్ల గ్రూపు నడిపేవాణ్ణి. ఇప్పటికీ నడుపుతున్నాను. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం రానివాళ్లు, ఉద్యోగం ఉండి కూడా పని రానివాళ్లు, ఇంట్లో ఏమీ తోచనివాళ్లు, అందరూ వస్తారు. టీ నేను పోయిస్తాను, బజ్జీలు వాళ్లు తెస్తారు. కోడ్ రాయడానికి ఏ ఎడిటర్ గొప్పది, ఏ భాష దండగ అని అరుచుకుంటాం. సగం మంది ఆ అరుపుల కోసమే వస్తారని నా అనుమానం.

మొదట్లో మాకు కంప్యూటర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకని ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చేవాణ్ణి. ఒకరు కీబోర్డు ముందు కూర్చోవాలి. ఇంకొకరు వెనక కుర్చీలో కూర్చుని ఏం రాయాలో చెప్పాలి. దానికో నియమం పెట్టాను. టైప్ చేసేవాళ్లు ఆలోచించకూడదు. బుర్ర వెనక కుర్చీలో, చేతులు ముందు కుర్చీలో. రెండూ ఒకేచోట ఉంటే పని సాగదు, తగువే సాగుతుంది అనేవాణ్ణి. నిజానికి అది గతిలేక పుట్టిన ఏర్పాటు. తర్వాత అందరికీ సొంత లాప్‌టాప్‌లు వచ్చాయి గానీ నియమం మాత్రం పోలేదు. గుంటూరు పద్ధతి అని పేరు కూడా పెట్టుకున్నాం. దాని గురించి మాట్లాడమని విజయవాడలో పిలిచారు, ఒంగోలులో పిలిచారు. నేనేదో కనిపెట్టినవాడిలా వెళ్లి మాట్లాడి వచ్చాను.

సుజాత ఆ గదికి ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చేది. సత్తెనపల్లి దగ్గర ఒక పల్లె వాళ్లది. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. భుజానికి వేసుకున్న సంచిలో బైబిలు, టిఫిన్ డబ్బా ఉండేవి. వేళ్లు మహా చురుకు. ప్రశ్నలు కూడా ఎక్కువే. అది నాకు నచ్చేది. ఒక్కోసారి విసుగొచ్చేది కూడా. ఆ విసుగు గురించి అప్పట్లో నేను ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నా దగ్గర పనిలో పెట్టుకుంటానంటే వాళ్లింట్లో వాళ్లు నమ్మలేకపోయారు. మా ఊరి నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన మొదటి ఆడపిల్ల అని వాళ్ల సంఘంలో ప్రార్థన చేయించారట. ఆ సంగతి చెప్పి తనే సిగ్గుపడింది.

ఆమె నాతో కలిసి చేసిన మొదటి పని ఒక కోల్డ్ స్టోరేజీకి. ఆ ఊరు, ఆ పేరు చెప్పను. రేటు లేనప్పుడు రైతులు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తెచ్చి అక్కడ పెట్టుకుంటారు. రేటు రాగానే తీసుకెళ్లి అమ్ముకుంటారు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు లోపల ఉన్నాయో మా ప్రోగ్రాము చూపించాలి. అది గేటు చీటీ ఇస్తేనే హమాలీలు సరుకు బయటికి తెస్తారు. అంతే. చిన్న పని. కొత్త మిరపకాయ వచ్చేలోపు అయిపోవాలని ఓనరు గారి తొందర.

అక్కడి ఆఫీసులోనే కూర్చుని రాశాం. మిరప ఘాటుకి ముక్కులు కారిపోయేవి. కీబోర్డు సందుల్లో ఎర్రటి పొడి. ఇద్దరం ముక్కుకి చేతిరుమాళ్లు కట్టుకుని కూర్చున్నాం. ముందు కుర్చీలో సుజాత, వెనక కుర్చీలో నేను. ఒక రైతుని ఇంకో రైతు నుంచి కంప్యూటరు ఎలా వేరు చెయ్యాలి అన్న దగ్గరికి వచ్చాం. మనిషికొక నంబరు ఇవ్వడం సరైన పద్ధతి. ట్రైనింగ్‌లో మొదటి వారమే నేను చెప్పే పాఠం అది. కానీ పాత రైతులందరికీ నంబర్లు వెయ్యాలంటే గుమాస్తాలు గోల పెడతారు, పని ఇంకో వారం సాగుతుంది. పేరూ ఊరూ కలిపి చూస్తే చాలు అన్నాను. సుజాత టైప్ చేసింది.

అక్కడి గుమాస్తాలకి ఒక అలవాటుంది. పెద్ద రైతులకి ఇంటిపేరుతో సహా రాస్తారు. కౌలు చేసుకునేవాళ్లకి పేరొక్కటే రాస్తారు. ఏసుదాసు అంటే ఏసుదాసు, అంతే. గుంటూరులో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. రోజూ కళ్లముందు ఉండేది కాబట్టి దాన్ని సంగతి అనుకోలేదు.

సుజాత వాళ్ల ఊళ్లో ఇద్దరు ఏసుదాసులు ఉన్నారు. ఇద్దరూ కౌలు రైతులే. ఇద్దరి కాయా ఆ స్టోరేజీలోనే ఉంది. మొదటి ఏసుదాసు తరఫున కమీషన్ ఏజెంటు లారీ తెచ్చాడు. ఆ పేరు మీద, ఆ ఊరి మీద ఉన్న టిక్కీలన్నీ కలిపి మా ప్రోగ్రాము ఒకే చీటీ కొట్టింది. హమాలీలు మొత్తం ఎత్తేశారు. రేటు పెరిగాక రెండో ఏసుదాసు వచ్చేసరికి ఆయన కాయ మిర్చి యార్డులో అమ్ముడుపోయి, వేరే సరుకుతో కలిసి ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ డబ్బు మొదటాయన పాత బాకీ కింద ఏజెంటు పట్టేసుకున్నాడు. వచ్చే ఏడాది కౌలుకి ఆయనకి ఆ కాయే ఆధారం.

ఓనరు గారు మా ఇద్దరినీ పిలిపించారు. సరుకు పోయిన ఏసుదాసు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఏంటండీ ఇది? ఉన్న సరుకుని లేదంటుంది మీ కంప్యూటరు. ఎవరు రాశారు?" అన్నారు ఓనరు గారు.

"టైప్ చేసింది నేనేనండి," అంది సుజాత.

అని నా వైపు చూసింది. మిగతా సగం నేను చెబుతానని చూసింది. ఆమె చెబితే సారు మీదకి తోసినట్టు ఉంటుంది. నేను చెబితే మామూలు మాట. చెప్పింది నేనండి, అమ్మాయి నేను చెప్పినట్టు కొట్టింది. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి?

"కొత్తమ్మాయండి. నేను ఇంకోసారి చూసుకోవాల్సింది," అన్నాను.

"మీరేం చేస్తారు లెండి. పిల్లల చేతికిస్తే ఇంతే," అన్నారు ఓనరు గారు.

నా మాటలో అబద్ధం లేదు, గమనించారా? ఆమె కొత్తదే. నేను చూసుకోవాల్సిందే. అబద్ధం ఒక్కటీ లేకుండా తప్పంతా పక్కవాళ్ల మీద పెట్టి, పైగా పెద్దమనసున్నవాడిలా కనిపించాను. అంత తెలివైన వాక్యం నేను మళ్లీ ఎప్పుడూ అనలేదు. ముందే అనుకుని అన్నానా? లేదు. నోటికి దానంతటదే వచ్చింది. దానికే నాకు భయం వేస్తుంది.

బయటికి వస్తుంటే ఏసుదాసు ఆమెను ఆపాడు. "ఏమ్మా, మనూరి పిల్లవి. నా కాయ నీకు కనపడలా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. సుజాత తల వంచుకుంది. నేను జేబులో బండి తాళం వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాను. తాళం చేతిలోనే ఉంది.

ఓనరు గారు తర్వాత ఎంతో కొంత సర్దారు. అప్పటికే కౌలు పొలం వేరేవాళ్లకి పోయింది. ఏసుదాసు ఇంకొకరి పత్తి చేలో కూలికి వెళ్లాడు. వాళ్లది ఒకే ఊరు, ఒకే చర్చి. ఆరాధనలో సుజాత వాళ్లమ్మ పక్కన కూర్చునే ఆడవాళ్లు దూరం జరిగి కూర్చున్నారని ఎవరో చెప్పగా విన్నాను. ఆ తర్వాతి ఆదివారం సుజాత గ్రూపుకి రాలేదు. ఆ పై వారమూ రాలేదు. నాకేమనిపించిందో దాచకుండా చెప్పాలి కదా. హమ్మయ్య అనిపించింది.

ఇప్పుడు పర్చూరు వైపు ఏదో స్కూల్లో లెక్కలు చెబుతోందట. మళ్లీ ప్రోగ్రాముల జోలికి పోలేదని విన్నాను. ఒకసారి గుంటూరు బస్టాండులో ఎదురుపడింది. "బాగున్నారా సార్?" అంది. బాగున్నానమ్మా అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కేసింది. సార్ అనకుండా ఏదైనా తిట్టి ఉంటే బాగుండేదని ఇంటికొచ్చాక అనుకున్నాను. తిట్టించుకోవడం కూడా నాకు కావలసినట్టే జరగాలన్నమాట.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది పిరికితనం. నేను ఆగలేదు. ఆ సంగతిని పాఠంగా మార్చుకున్నాను. ట్రైనింగ్‌కి ఎక్కడికి పిలిచినా, టెస్టింగ్ ఎందుకు చెయ్యాలి అన్న దగ్గర ఈ కథే చెప్పేవాణ్ణి. "మా దగ్గర ఒకమ్మాయి ఉండేది. ఇద్దరు ఏసుదాసుల్ని కలిపి ఒక్కణ్ణి చేసి పారేసింది." జనం పడీ పడీ నవ్వేవారు. చెప్పే కొద్దీ కథకి హంగులు వచ్చాయి. లారీ పెద్దదైంది, ఓనరు గారి కేకలు పెరిగాయి. వెనక కుర్చీ మాత్రం కథలోంచి మాయమైపోయింది. కొన్నాళ్లకి అలాగే జరిగిందని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

ఈ మధ్య మా గదిలో కుర్రాళ్లు కీబోర్డు ముట్టుకోవడం తగ్గించారు. ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే కోడ్ యంత్రమే రాసిపెడుతోంది. మంచి పనిముట్టే, నేనూ వాడుతున్నాను. తప్పొస్తే మాత్రం వాళ్ల నోట ఒకటే మాట. నేను రాయలేదు సార్, అదే రాసింది అంటారు. మొన్న ఒకణ్ణి గట్టిగా కేకలేశాను. చెప్పింది నువ్వు కాదా, దానికేం తెలుసు, అది నువ్వు చెప్పింది కొడుతుంది అన్నాను. అన్నాక ఆ మాట నాకే తగిలింది. మంచినీళ్లు తాగి, మాట మార్చడానికి అలవాటుగా ఏసుదాసుల కథ ఎత్తుకున్నాను.

ఆ రోజు చీరాల నుంచి ఒకావిడ కొత్తగా వచ్చింది. పెళ్లికి ముందు టెస్టింగ్‌లో చేసిందట, పిల్లలు పెద్దవాళ్లయ్యారని మళ్లీ మొదలుపెట్టింది. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. చెయ్యెత్తి, "ఇందాక మీ పద్ధతిలో టైప్ చేసేవాళ్లు ఆలోచించకూడదు అన్నారు కదండీ. మరి ఆ రోజు చెప్పిందెవరు?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అంత తేలిక ప్రశ్న. "గుర్తులేదమ్మా, చాలా కాలమైంది," అన్నాను. ఆవిడ సరేనండి అని ఊరుకుంది. నమ్మిందో లేదో తెలియదు. ఈసారిది మాత్రం నికార్సయిన అబద్ధం.

ఆవిడకి చెప్పలేనిది ఇక్కడ చెప్పాను. చెప్పింది నేను. వచ్చే ఆదివారం ఆ గదిలో నిలబడి ఇదే మాట అనగలనా? తెలియదు. పర్చూరు వెళ్లగలనా? అదీ తెలియదు. ఏసుదాసు ఉన్నాడో లేడో కూడా నేను కనుక్కోలేదు.

ఇంతవరకూ రాసి చదువుకుంటే, మీ దగ్గర కూడా ఒకటి దాచానని తెలుస్తోంది. సుజాత టైప్ చేసింది అని ఒక్క ముక్కలో తేల్చేశాను పైన. అదీ చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. ఆమెకి దాంతో ఒరిగేదేమీ లేదు.

పేరూ ఊరూ కలిపితే చాలని నేను అన్నప్పుడు సుజాత వెంటనే కొట్టలేదు. చేతులు ఆపి, ముక్కుకి కట్టుకున్న రుమాలు కిందికి లాగి, వెనక్కి తిరిగింది.

"సార్, మా ఊళ్లో ఏసుదాసులు ఇద్దరున్నారు. ఇద్దరూ ఇక్కడే కాయ పెడతారు," అంది.

నాకు స్పష్టంగా వినపడింది. టైము చూసుకున్నాను. బయట ఓనరు గారి కారు చప్పుడైంది.

"టైప్ చేసేవాళ్లు ఆలోచించకూడదని చెప్పానా లేదా? పర్లేదు, కొట్టు," అన్నాను.

కొట్టింది.